పాలదంతములు – ప్రాయశ్చిత్తము

నారపల్లిలో ఒక తల్లి మూడేండ్ల కుమారుని నోట నల్లబడిన పాలదంతములను చూచి కుమిలిపోయినది. రాత్రులు చక్కెరపాల సీసా నోటికిచ్చి నిద్రపుచ్చినది తానే గదా! నిద్రలో లాలాజలము తగ్గును. నిలిచిన తీపిని సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చి పంటిని కరగించును. ఇది ఆమె ఎరుగదు.

పొంగుచున్న పాలకొరకు యశోద ఆకలిగొన్న కృష్ణుని ఒడినుండి దింపి పోయినది. బాలుడు కోపించి కుండ పగులగొట్టెను గాని, భాగవతము ఆమెయందు దోషమెంచలేదు.

ఊడిపోవు పండ్లే గదా యని కొందరి ఓదార్పు. అది సరికాదు, దవడ పాలదంతములు పది, పండ్రెండేండ్ల వరకు నిలువవలసినవి.

‘ప్రాయ’మనగా తపస్సు, ‘చిత్త’మనగా నిశ్చయము అని పెద్దలు చెప్పుదురు. ఆమెకు తాపమున్నది, నిశ్చయమేది?

మరునాడు బాలుని ఉప్పల్‌లో దంతవైద్యునికి చూపినది. ఆ రాత్రి వాడు సీసాకై ఏడ్చెను. ఆమె పండ్లు తోమి, మంచినీళ్ళిచ్చి, ఒడిలో పెట్టుకొని మేలుకొనియుండెను.