ఒప్పుకున్నాడు కదా అంటే సరిపోతుందా?

మన వ్యవహారాల్లో ఒక మాట తరచుగా వినపడుతుంది. “అతను ఒప్పుకునే పనిలో చేరాడు కదా! ఇష్టం లేకపోతే మానేయొచ్చు కదా!” జీతం తక్కువైనా, పని గంటలు ఎక్కువైనా, సెలవు లేకపోయినా ఈ ఒక్క మాటతో యజమాని బాధ్యత తీరిపోయినట్లు అనుకుంటాం. మాట నిలబెట్టుకోవటం విశ్వాసి లక్షణమే, సందేహం లేదు. కాని ఒక ఒప్పందం న్యాయమైనది కావటానికి ఇరుపక్షాల సమ్మతి ఒక్కటే చాలునా? మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

బజారులో సమ్మతి

హైదరాబాద్‌లోని సుల్తాన్ బజార్‌నే తీసుకుందాం. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ అధీనంలో ఉండి, 1933లో తిరిగి నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన బజారు ఇది. ఇటువంటి బజార్లలో పండుగ రోజులు వస్తే కొనేవారికి కూర్చునే చోటు చూపిస్తారు. చీరలు విప్పి చూపించే అమ్మాయి మాత్రం నిలబడే ఉంటుంది. దుకాణాల్లో పనివారానికి 48 గంటలే పరిమితి అని 1988 నాటి దుకాణాల చట్టం చెబుతుంది. అంతకు మించి పని చేయించుకుంటే కాదనగలిగేది ఎందరు? ఆమె మానేస్తే ఆ స్థానం కోసం మరొకరు ఎదురుచూస్తూ ఉంటారు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఆమె చేత ‘సరే’ అనిపిస్తాయి. ఇది సమ్మతి కాదు, అవసరం.

కేరళలోని కోజికోడ్‌లో మిఠాయి తెరువు దుకాణాల స్త్రీలు కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అటువంటి చట్టమే చేసింది. ఒక్క పీట కోసం చట్టం చేయవలసి వచ్చిందంటే, ఒంటరి పనివారి సమ్మతికి ఎంత బలముందో అర్థమవుతుంది.

హిల్ఫుల్ ఫుజూల్ పాఠం

దైవప్రవక్త ముహమ్మద్ (స) యువకుడిగా ఉన్న రోజుల్లో యెమెన్ ప్రాంతపు వర్తకుడు ఒకడు సరుకుతో మక్కాకు వచ్చాడు. ఆస్ బిన్ వాయిల్ అనే పెద్దమనిషి ఆ సరుకు కొని డబ్బు ఎగ్గొట్టాడు. బేరం ఇద్దరి ఒప్పుదల మీదే జరిగింది. లోపించింది సమ్మతి కాదు, అండ. మక్కాలో ఆ పరదేశికి తన తెగ లేదు, అడిగేవాడు లేడు. అతని మొర విని కొన్ని తెగలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. మక్కావాసి అయినా, పరాయివాడు అయినా, అన్యాయానికి గురైనవాని పక్షాన ఒక్కటిగా నిలబడతామని ప్రమాణం చేశారు. బాకీ వసూలు చేసి ఇచ్చారు. ఆ ఒడంబడికలో పాల్గొన్న దైవప్రవక్త (స), ఇస్లాం వచ్చిన తర్వాత కూడా దాని పేరిట ఎవరు పిలిచినా వెళ్తానని చెప్పారు.

ఇందులోని పాఠం స్పష్టం. బలవంతునికీ బలహీనునికీ మధ్య ఒప్పందానికి మూడవ పక్షం కావాలి. ఆ మూడవ పక్షమే సమాజం. సామాజిక ఒడంబడిక అంటే ఇదే.

ఎడారిలో ఒంటరి

నేడు ఆ యెమెన్ వర్తకుని స్థానంలో మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ యువకులు నిలబడి ఉన్నారు. అప్పు చేసి ఏజెంటుకు కట్టి గల్ఫ్‌కు వెళ్లినవాడు, చెప్పిన జీతం ఇవ్వకపోతే ఏం చేయగలడు? పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అప్పు ఇంటి దగ్గర!

గల్ఫ్‌కు వెళ్లే కార్మికులకు వృత్తులవారీగా కనీస వేతనాన్ని మన కేంద్ర ప్రభుత్వం సూచిస్తుంది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరులో, వాటిని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. లేకపోతే మనవారి ఉద్యోగాలు ఇతర దేశాలవారికి పోతాయన్నది చెప్పిన కారణం. తెలంగాణలోని కార్మిక సంఘాలు నిరసించాయి, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. 2021 జూలై నాటికి ఆ తగ్గింపును ఉపసంహరించుకున్నారు.

ఆ కారణాన్ని తేలికగా తీసివేయలేం. తక్కువకు వచ్చేవాడు పక్కనుంటే ఉద్యోగం పోవటం నిజమే. కాని మనం తగ్గిస్తే నేపాల్, బంగ్లాదేశ్ కూడా తగ్గిస్తాయి. చివరికి పేదవాడు పేదవానితోనే పోటీపడతాడు, లాభం యజమానిది. దీనికి మందు ఒక్కటే. పంపే దేశాలు కలిసి ఒక మాట మీద నిలబడాలి. ఆసియా దేశాలు 2003లో ప్రారంభించిన కొలంబో ప్రక్రియ వంటి వేదికలు ఇందుకు ఉపయోగపడాలి.

కలిసి పనిచేస్తే ఫలితం ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ సహకారంతో ఖతర్ చట్టాలను మార్చింది. ఉద్యోగం మారటానికి పాత యజమాని అనుమతి అవసరం లేదని 2020లో ప్రకటించింది. 2021 మార్చి నుంచి దేశభేదం లేకుండా వేయి రియాళ్ల కనీస వేతనం అమలులోకి తెచ్చింది. చట్టం మారినంత మాత్రాన బాధలన్నీ తీరిపోవు. అయినా ఒంటరివాడు అడిగి సాధించలేనిది అనేకులు కలిసి సాధించారు. మరోవైపు, వలస కార్మికుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన ఒడంబడికలో గల్ఫ్ దేశాలు చేరలేదు. మన దేశమూ చేరలేదు.

మన తక్కెడ

గల్ఫ్‌లోని కఫీల్‌ను నిందించే మనం మన దుకాణం కుర్రవానికి, ఇంటి పనిమనిషికి ఎలాంటి కఫీల్‌గా ఉన్నాం? తీసుకునేటప్పుడు ఒక తక్కెడ, ఇచ్చేటప్పుడు మరో తక్కెడ పట్టుకునేవారిని ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రత్యర్థిగా నిలుస్తాడని బుఖారీ హదీసు తెలుపుతోంది. ఆ రోజున “అతను ఒప్పుకున్నాడు” అన్న సాకు పనికివస్తుందా?

కాబట్టి జీతం ఎంతో, ఎన్ని గంటలో ముందే కాగితం మీద రాసి ఇద్దాం. తేదీ తప్పకుండా చెల్లిద్దాం. వారానికొక రోజు సెలవు, నిలబడేవారికి ఒక పీట ఇద్దాం. జబ్బు చేస్తే తీసివేయకుండా ఉందాం. పక్క దుకాణంలో జీతం ఎగ్గొడితే “మనకెందుకు” అనుకోకుండా నలుగురం కలిసి వెళ్లి అడుగుదాం. దేశాల మధ్య రావలసిన ఒడంబడిక ఈ బజారులో మొదలుకాకపోతే మరెక్కడ మొదలవుతుంది?

పనివాని హక్కును అతను అడగకముందే చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.