సద్భావం ఒక్కటే చాలునా?

ఇంగ్లండులో ఇంటి పెరట్లో చిన్న నీటిగుంట తవ్వుకోవడం చాలామందికి ముచ్చట. ఆ గుంటల్లో గుడ్లు పెట్టుకుని బతికే మామూలు కప్పలు 1980లలో, ముఖ్యంగా ఆగ్నేయ ప్రాంతంలో, పదులకొద్దీ చచ్చి తేలడం మొదలైంది. కొన్నిటికి ఒంటినిండా పుండ్లు, వేళ్లు కుళ్లి ఊడిపోవడం. మరికొన్నిటికి పైకి ఏమీ కనబడక లోపల రక్తస్రావం. 1990లలో లండన్ జంతుశాస్త్ర సంఘానికి చెందిన ఆండ్రూ కన్నింగ్‌హామ్, ఆయన సహచరులు దీని వెనక ఉన్నది రానావైరస్ అని తేల్చారు. మనుషులకు అంటదు. ఏటేటా జబ్బు తిరగబెట్టిన గుంటల్లో మాత్రం పన్నెండేళ్లలో కప్పలు నూటికి 81 వంతులు తగ్గాయని 2010లో వెలువడిన ఒక పరిశోధన లెక్క కట్టింది. (అది సగటు కాదు, మధ్యగతం. కామర్సు చదివినవాణ్ణి, ఈ తేడా చెప్పకుండా ఉండలేను.)

నన్ను పట్టుకున్న విషయం ఈ అంకె కాదు. జబ్బు గుంట నుంచి గుంటకు చేరడంలో మనుషుల చేయి ఉందంటారు పరిశోధకులు. ఎవరా మనుషులు? కప్పలంటే గిట్టనివాళ్లు కారు. కొత్తగా గుంట తవ్వుకున్నాయన పొరుగింటికి వెళ్లి నాలుగు కప్పగుడ్లు అడుగుతాడు. ఆవిడ సంతోషంగా సీసాలో కాసిని నీళ్లతో సహా పోసి ఇస్తుంది. ప్రేమ ఉన్నచోటికే జబ్బూ వెళ్లిందన్నమాట.

వీళ్లు దోషులా? మనసు మంచిదైతే పాపం అంటదని మన పెద్దలు అనేవారు. నా వృత్తి అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఖాతాదారు వేసిన క్రాస్ చేసిన చెక్కును వసూలు చేసి పెట్టిన బ్యాంకుకు, తీరా ఆ చెక్కు అతనిది కాదని తేలితే, 1881 నాటి చట్టం 131వ సెక్షనులో రక్షణ ఉంది. అయితే షరతులు రెండు: సద్భావం ఉండాలి, అశ్రద్ధ ఉండకూడదు. మొదటిది ఉంటే చాలనుకునే ఆఫీసర్లను చాలామందిని చూశాను. ఒక వయసులో నేనూ అంతే. చిక్కు వచ్చిన రోజున నీ మనసెలాంటిదని ఎవరూ అడగరు, ఏం చూసుకున్నావని అడుగుతారు.

ఆనాటికి తెలియనిదాన్ని చూసుకోలేదనడం మాత్రం న్యాయం కాదు. 1985లో గుడ్లు ఇచ్చినావిడ మీద నేనైతే బాధ్యత రాయను. కాని నష్టం పద్దు కొట్టివేయడానికీ నాకు చెయ్యి రాదు. చచ్చిన కప్పలు ఎవరో ఒకరి ఖాతాలో ఉండాలి కదా! ఎవరి ఖాతాలోనో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఇప్పటివాళ్ల సంగతి వేరు. గుడ్లు, చేపలు, నీటిమొక్కలు ఒక గుంటలోంచి తీసి మరో గుంటలో వేయవద్దని, కప్పలు తమంతట తామే వస్తాయని అక్కడి సంరక్షణ సంస్థలు చెబుతున్నాయి. వినడానికి చిన్నమాటే. కానీ పక్కింటి పిల్లవాడు ఖాళీ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడినప్పుడు, గుంటనిండా గుడ్లు పెట్టుకుని, లేదు నాయనా అనాలి.