కట్టె ఎవరిది, లాభం ఎవరిది?

మా ఆడవాళ్లు అడవి నుంచి కట్టెల మోపు నెత్తిన పెట్టుకొని వస్తే దాన్ని పేదరికం అంటారు. కొన్నిచోట్ల నేరం అని కూడా అంటారు. అవే కట్టెలు లారీలకెక్కి, బాయిలర్‌లో కాలి, కరెంటయితే హరిత ఇంధనం అంటారు, అందులో పెట్టుబడి పెట్టమంటారు. కట్టె ఒక్కటే. మోసే చేతిని బట్టి దాని పేరు మారుతున్నది. ఇది న్యాయమేనా?

మేము ఈ ఇంధనాలకు వ్యతిరేకులం కాము. మా సదాశివనగర్ మండలంలోనే, అడ్లూర్ ఎల్లారెడ్డి చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు పిప్పిని కాల్చి కరెంటు తీస్తారు. రసం పోయాక మిగిలిన పిప్పి అది. దానికోసం చెట్టు నరకనక్కరలేదు. చెట్టునే ఇంధనానికి పెంచుతామంటే మాత్రం లెక్క వేరు. కాలిన కట్టె పొగను కొత్త చెట్టు తిరిగి పీల్చుకుంటుందని చెబుతారు. కాలడానికి గడియ చాలు, పెరగడానికి ఏండ్లు కావాలి. ఆ ఏండ్లు ఎవరి భూమిలో గడుస్తాయి?

జైనూర్ మండలం పవర్‌గూడ సంగతి మన పిల్లలకు చెప్పాలి. అక్కడి ఆదివాసీ మహిళా సంఘాలు కానుగ చెట్లు పెంచి, గింజల నుంచి నూనె తీశాయి. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సమావేశం వల్ల పుట్టిన పొగకు అది పరిహారం. మాకు ఇందులో గర్వమూ ఉంది, బాధా ఉంది. మన చెట్టుకు విలువ కట్టారని గర్వం. విమానమెక్కినవాళ్ల పొగను విమానం ఎక్కనివాళ్లు మోయాలా అని బాధ. అయినా అక్కడ చెట్టు నిలిచింది, గింజే పోయింది, మిల్లు ఆడవాళ్ల చేతిలో ఉండింది. తేడా అదే.

అదే ఏడు ప్రణాళికా సంఘం జట్రోఫా మీద పెద్ద ఆశ పెట్టింది. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం దాని నూనె కలపాలన్నారు. అది జరగలేదు. అప్పుడే టీటీసీ ముగించి కొలువులో చేరిన మేము కూడా ఆ మాట నమ్మి ఊళ్లో చెప్పినం. మొక్కలు నాటినవాళ్ల గింజలు కొనేవాడు రాలేదు. మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. "సారు కూడా తెలియకనే చెప్పిండు" అన్నారు. తిట్టినా అంత బాధ ఉండకపోవు.

మొన్న ఒక తల్లి మళ్లీ కాగితం తెచ్చి చదవమన్నది. ఎకరంలో నీలగిరి పెట్టాలట. టన్నుకు ధర రాసి ఉంది. చెట్టు కోతకొచ్చేదాకా నాలుగేండ్లు ఆ ఇల్లు ఏం తినాలో రాసి లేదు. మేము ఆ రాయని మాటను కూడా చదివి వినిపించినం. పెట్టమనలేదు, వద్దనలేదు. భూమి ఆమెది, నిర్ణయమూ ఆమెదే.

పెట్టుబడి అంటే డబ్బు ఒక్కటే కాదు. డబ్బు పెట్టినవాడు నష్టపోతే ఇంకోచోట పెడతాడు. భూమి పెట్టినవాళ్లకు ఇంకోచోటు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిట్టికంపను, మోడులను కూడా చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అంటే కట్టె మీద మాట్లాడే హక్కు మనకూ ఉంది. గ్రామసభలో ముందు కట్టె ధర కాదు, పొయ్యి సంగతి అడుగుదాం. మన పొయ్యి ఆర్పి వెలిగించే దీపం ఎంత పచ్చనిదైనా మనకు చీకటే.