కోనేటియొద్ద అడిగిన ప్రశ్న

ధ్యానభాగము: యోహాను 5:1–9

బేతెస్ద కోనేటియొద్ద 38 ఏండ్లు వ్యాధితో పడియున్న మనుష్యుని సంగతి మనమందరము ఎరిగినదే. నీళ్లు అతనికి దూరముగా లేవు. అతనికి లేనిది, తన్ను దింపు ఒక మనిషి. ప్రభువు మొదట అతనిని ప్రశ్నించి, అతడు చెప్పినది ఆలకించెను. అతడు తన జబ్బు పేరు చెప్పలేదు. తన దిక్కులేని స్థితిని చెప్పెను.

ఉప్పల్, నాచారం ప్రాంతములలో డిగ్రీ ముగించిన మన పిల్లలు కొందరు ప్రజారోగ్యములో పైచదువు చదువ గోరుచున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఈ చదువు కలదు. "డాక్టరు కాని చదువు ఎందుకమ్మా?" అని తల్లిదండ్రులు అడుగుట సహజమే. అంతకంటె కష్టమైన ప్రశ్న మరియొకటి కలదు: బీదల జబ్బులను లెక్కించి మనము పట్టా పుచ్చుకొనుట న్యాయమేనా?

ఒక ఉదాహరణ చూడుడి. 1914లో అమెరికా ప్రభుత్వము జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుని పెల్లాగ్రా వ్యాధి పరిశోధనకై దక్షిణ రాష్ట్రములకు పంపెను. చర్మము పగిలి, విరేచనములు పట్టి, మతి చలించు ఆ వ్యాధిని అనేకులు అంటురోగమనిరి. అయితే ఆశ్రమములలోని రోగులకు వచ్చు ఆ జబ్బు వారి పరిచారకులకు రాకుండుట ఆయన గమనించెను. పిమ్మట 1916 నుండి నూలుమిల్లు గ్రామములలో ఇంటింటి రాబడిని, తిండిని విచారింపగా, రాబడి తగ్గినకొలది వ్యాధి హెచ్చుగా కనబడెను.

మన దక్కనులోను జొన్నకూడే ఆధారమైన కూలివారిలో ఈ వ్యాధి యుండెను. 1958లో కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనాలయము దీనిని శోధించెను. అదే నేడు నాచారమునకు పొరుగున తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ. జొన్నలో హెచ్చుగానున్న లూసిన్ అను పదార్థము ఇందుకు కారణము కావచ్చునని 1960లో గోపాలన్, శ్రీకంఠయ్యగారలు తెలిపిరి. అయినను జొన్న తినుట దోషము కాదు; దానితో పాలు, మాంసము కొనుక్కొనలేని బీదతనమే దాని వెనుకనున్నది.

ఇట్టి విద్య బీదలు తలుపు తీసి మాటలాడినందుననే కలిగినది. కావున అది అప్పు. విద్యార్థి దానిని దోచుకొనలేదు గాని తీర్చవలసియున్నాడు.

నాచారమునే చూడుడి. అక్కడ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. బీమాలో పేరున్న కార్మికునికి, అతని కుటుంబమునకు అందులో వైద్యము దొరకును. అదే వీధిలో ఇండ్లలో పాచిపని చేయు స్త్రీకి సామాన్యముగా ఆ బీమా లేదు. 2018లో ఆరంభమైన బస్తీ దవాఖానాలలో ఒకటి దగ్గరనేయున్నను, పని మాని పోవలెనన్న ఆ దినపు కూలి పోవును. కోనేరు దగ్గరనే, దింపువారు లేరు.

ఆమెకు మందు పేరు చెప్పుట వైద్యుని పని. ఆమెకు త్రోవ ఎక్కడ మూయబడినదో కనుగొని, దానిని తెరువవలసినవారికి విసుగక తెలుపుట ఈ చదువు చదివినవారి పని. ఈ రెండును సేవయే.

కావున తల్లిదండ్రులారా, పిల్లలను ఆపకుడి. ఒక మాట మాత్రము చెప్పి పంపుడి. "నాయనా, ఏ యింట కూర్చుండి ప్రశ్నలడిగితివో, పట్టా వచ్చిన తరువాత ఆ యింటికి మరల వెళ్లుము. నీవు కనుగొన్నది ఆమెకు అర్థమగు తెలుగులో చెప్పుము. అది నిజమో కాదో ఆమెనే అడుగుము."