ప్రాకారం వెలుపలి కర్షకుడు

ఇటలీలో భూమిని దున్ని జీవించే పేదరైతును ‘కొంతాదీనో’ అంటారు. నగరప్రాకారానికి వెలుపల, నగరపు ఏలుబడికి లోబడిన గ్రామసీమ ‘కొంతాదో’. అందులో పుట్టి పెరిగినవాడు కొంతాదీనో. అతని పేరులో నాగలీ లేదు, విత్తూ లేదు. గోడకు అవతలివాడన్న సంగతి ఒక్కటే ఉంది. నగరవాసుల నోట ఆ మాటే మోటుమనిషిని ఎత్తిపొడిచే పలుకుగానూ మారింది. శరీరాన్ని నవద్వారపురమని దర్శించిన మన శాస్త్రదృష్టికి ఈ స్థితి సుపరిచితం: పురాన్ని తానే ఏలుతున్నానని భ్రమించే అహంకారం, తనకు అన్నం పెట్టే నిత్యసాధనను ఎప్పుడూ వెలుపలి కూలిపనిగానే ఎంచుతుంది.

సియెనా నగరసభామందిరంలో అంబ్రోజో లొరెంజెత్తి 1338-39లలో రచించిన సుపరిపాలన భిత్తిచిత్రంలో ఒకవైపు నగరం, మరొకవైపు పొలాలు, నడుమ కోటవాకిలి. గుర్రాలెక్కిన శ్రీమంతులు వేటడేగతో వినోదార్థం ఆ వాకిలి దాటి దిగిపోతుండగా, నల్లని మేనిపై తెల్లని పట్టీ గల పందిని అదిలిస్తూ రైతు అదే దారిన పైకెక్కి వస్తున్నాడు. ద్వారం ఒకటే, గమనాలు రెండు. ఇంద్రియద్వారాల గుండా వేటకు వెడలే మనస్సుకు ఆడంబరమెక్కువ; లోనికి ఆహారం తెచ్చే సాధన తలవంచుకొని నడుస్తుంది. ఇంతకంటె నిగూఢమైనది ఆ పొలాల్లోనే ఉంది: ఒకచోట విత్తుతున్నారు, ఒకచోట కోస్తున్నారు, ఒకచోట నూరుస్తున్నారు; ఋతువులన్నీ ఏకకాలంలో కొలువుదీరాయి. జీవుని అంతఃక్షేత్రమూ అంతే. పోగుపడిన కర్మ అయిన సంచితం గాదెలో నిలువ ఉండగానే, అనుభవానికి వచ్చిన ప్రారబ్ధం కళ్ళంలో నూర్పిడి అవుతూ, ఇకపై ఫలించబోయే ఆగామి చాళ్ళలో పడుతూ ఉంటుంది. కోతనాడు మాత్రమే మేల్కొనే సాధకునికి ఈ క్షేత్రం ఏనాడూ బోధపడదు.

అయితే ఆ రైతు దుఃఖాన్ని వైరాగ్యంగా అలంకరించడం అధర్మం. మెజ్జద్రీయా అనే పాలుసేద్యంలో అతడు పండించినదానిలో సగం భూస్వామికి కొలిచి ఇచ్చేవాడు. కొత్తగా అటువంటి ఒప్పందాలు కుదుర్చుకోరాదని శాసనం వచ్చినది 1964లో. బలవంతాన కోల్పోయినదానికి ఫలత్యాగమని పేరు పెట్టరాదు. ఫలంపై తనకు హక్కున్నవాడు చేసేదే త్యాగం. అటువంటి త్యాగానికి నిదర్శనమొకటి: బెర్గామో సమీపంలోని సోత్తో ఇల్ మోంతేలో 1881లో పాలుసేద్యపు కుటుంబాన పుట్టిన ఆంజెలో రొంకాల్లి, 1958లో 23వ జాన్ పోపుగా వాటికన్ ప్రాకారాల నడుమ అత్యున్నత పీఠాన్ని అధిష్ఠించాడు. సంపద కూడబెట్టుకోగల స్థానంలో ఉండీ కూడబెట్టుకోక, పేదగా పుట్టిన తాను పేదగా పోవడమే తనకు ఆనందమని తన ఆధ్యాత్మిక మరణశాసనంలో రాసుకున్నాడు.