గృహస్థుని నాలుగు ఋణములు

పిఠాపురమునకు వచ్చు యాత్రికుడు పాదగయ పుష్కరిణిలో స్నానమాచరించి, పితృదేవతలకు పిండప్రదానము గావించి, కుక్కుటేశ్వరుని, పురుహూతికాదేవిని సేవించి, ఊరిలోని కుంతీమాధవస్వామి సన్నిధికి చేరుట వాడుక. ఒక్క పూటలో ముగియు ఈ యాత్రలో మన గృహజీవనమునకు ఆధారమైన భావమొకటి సంపూర్ణముగా ఇమిడియున్నది. అది ఋణభావము. నిత్యము ఇంటింట జరుగు చిన్న చిన్న ఆచారములు దేనికొరకు ఏర్పడినవో తెలియవలెనన్న ముందుగా ఈ భావమును గ్రహింపవలెను.

పుట్టిన బ్రాహ్మణునకు ఋషుల ఋణము, దేవతల ఋణము, పితరుల ఋణము అను మూడును వెంట వచ్చునని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. శతపథ బ్రాహ్మణము ఇంకను విపులముగా, ఉనికి గల ప్రతివాడును ఋణముతోనే పుట్టుచున్నాడని పలికి, నాల్గవదిగా మనుష్యఋణమును చేర్చినది. అధ్యయనముచే ఋషుల ఋణము, యజ్ఞముచే దేవతల ఋణము, సంతతిచే పితరుల ఋణము తీరును. తోటి మనుష్యుల ఋణము వారికి ఆశ్రయమిచ్చి అన్నము పెట్టుటచే తీరును.

ఈ నాలుగింటిని మనసునందుంచుకొని గోదావరి సీమలోని ఒక ఇంటిని పరికించినచో అందలి ఆచారములకు అర్థము దానంతట అదియే తోచును. తెల్లవారకముందే ఇల్లాలు వాకిట కల్లాపి చల్లి బియ్యపుపిండితో ముగ్గు పెట్టును. అది ఇంటికి శోభ, చీమకు ఆహారము. తులసికోట కడ వెలుగు దీపము దేవతల బాకీ. తద్దినమునాడు కాకికి పెట్టు ముద్ద పితరుల బాకీ. పొరపాటున పుస్తకమునకు కాలు తగిలినచో పిల్లవాడు దానిని కన్నులకద్దుకొనును. అక్షరమిచ్చినవారికి అది నమస్కారము. పిఠాపుర సంస్థానాధీశ్వరులు శ్రీ రావు వేంకట కుమార మహీపతి సూర్యారావుగారి పోషణలో సిద్ధమై, 1936లో తొలి సంపుటము వెలువడిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ ఋషిఋణమునే ఘనముగా తీర్చిన కార్యము. ధనుర్మాసమున అక్షయపాత్రను శిరసున ధరించి, హరినామము పాడుచు హరిదాసు వచ్చును. ఆయన చేయి చాచి యాచింపడు. ఇంటి పసిబిడ్డ దోసిటితో బియ్యము తెచ్చినపుడు, బిడ్డకు పాత్ర అందునట్లు తాను మోకాళ్ళపై కూర్చుండును.

ఇవి అలవాట్లే కదా, అర్థము తెలియక చేయు పనులలో ధర్మమెక్కడ అని నేటి యువకుడు అడుగవచ్చును. ప్రశ్న ఉచితమైనదే. దానికి సమాధానము దానమిచ్చుటకును, ఋణము తీర్చుటకును గల భేదములో కలదు. దానమిచ్చువాడు తన చేయి పైనున్నదని తలచును. అప్పు తీర్చువానికి అట్టి గర్వమునకు తావు లేదు. బాకీ చెల్లించితినని ఎవడును ఊరిలో చాటించుకొనడు. ఇచ్చుచున్నను అహంకారము పెరుగకుండుటకే పెద్దలు ఈ పనులను నిత్యవిధులుగా ఏర్పరచిరి. దేవతలిచ్చినదానిని తిరిగి వారికర్పింపక అనుభవించువాడు దొంగయేనని, తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించునని గీతలో భగవానుడు హెచ్చరించినదియు ఇందుకే.

పాదగయ మహిమయు ఈ సత్యమునే బోధించును. విష్ణుభక్తుడైన గయాసురుడు లోకహితమునకై తన దేహమునే యజ్ఞభూమిగా సమర్పించెను. ఏడు దినములు కదలక యుండవలెనన్న నియమము ముగియకముందే శివుడు కోడి రూపమున కూయగా, తెల్లవారినదని తలచి అతడు లేచెను. నియమము తప్పినను అతడు తనకై ఏమియు కోరక, తన దేహము సోకిన చోటులు పితరులకు తరణోపాయములు కావలెనని వేడెను. శిరస్సు గయలో, నాభి జాజ్‌పూరులో, పాదములు పిఠాపురమున నిలిచినవని ఐతిహ్యము. పిండము పెట్టువాడు తానేదో ఇచ్చుచున్నానని తలపవచ్చును. కాని అతడు నిలిచిన నేలయే మరియొకని దానము. ఆ కర్మలోనే తల్లిదండ్రులుగాని బంధువులుగాని లేక గతించినవారికిని పిండము పెట్టు విధి కలదు. చుట్టరికము లేనివారి ఋణమును ఒప్పుకొను ధర్మమిది.

ఇక కుంతీమాధవుడు. వృత్రవధానంతరము దోషపరిహారమునకై ఇంద్రుడు ఐదు మాధవమూర్తులను ప్రతిష్ఠించెనని, కాశిలో బిందుమాధవుడు, ప్రయాగలో వేణీమాధవుడు, రామేశ్వరమున సేతుమాధవుడు, తిరువనంతపురమున సుందరమాధవుడు, పిఠాపురమున కుంతీమాధవుడు వెలసిరని స్థలపురాణము. కుంతీదేవి అర్చించుటచే స్వామికి ఆ పేరు వచ్చినదందురు. ఋణమనగానేమో ఆ తల్లికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు.

లక్క ఇంటినుండి బయటపడిన పిమ్మట ఆమె కొడుకులతో ఏకచక్రపురమున ఒక బ్రాహ్మణుని ఇంట తలదాచుకొన్నది. బకాసురునికి ఆహారముగా ఆ ఇంటినుండి ఒకరు పోవలసిన దినము వచ్చెను. నేను పోదునని తండ్రి, నేను పోదునని తల్లి, నేనేయని కూతురు విలపించుచుండిరి. మాటలైన సరిగా రాని పసివాడు గడ్డిపరక చూపి, దానితోనే రాక్షసుని చంపెదననెను. కుంతి అది విని, తనకు ఐదుగురు కొడుకులున్నారని, ఒకడు పోవునని పలికి భీముని పంప నిశ్చయించినది. ధర్మరాజు తప్పు పట్టగా, ఆ ఇంట సుఖముగా నుంటిమని, పొందిన మేలుకంటె మిన్నగా మేలు చేయుటయే ధర్మమని బదులిచ్చినది. భీముని బలము ఆమె ఎరుగును, అయినను కన్నతల్లియే. కొన్నినాళ్ళ ఆశ్రయమునకు ఆమె ఇయ్యబూనినది కన్నకొడుకును.

కావున ఆచారమును పరీక్షించుటకు ఒక గీటురాయి లభించినది. మనము ఎవరికి ఋణపడితిమో వారిని గుర్తుచేయునది సదాచారము. వారినే గుమ్మమునకు దూరము చేయునది, ఎంత ప్రాచీనమైనను, ధర్మము కాజాలదు. పండుగనాడు కట్టు చీర ఉప్పాడ నేతగాని మగ్గమున పుట్టినది. నైవేద్యపు బియ్యము ఏలేరు నీటితో పండినది. వరిమడిలో దిగినవాని కష్టము లేనిదే వంటయింటి మడి లేదు. అట్టివారినే తరతరములుగా దేవాలయమున అడుగిడనీయకపోగా, ఈ సీమ చేరియున్న నాటి మద్రాసు రాష్ట్రమున 1947లో ఆలయప్రవేశ శాసనము చేయవలసి వచ్చినది. చట్టము గుడి తలుపు తెరవగలదు; ఇంటి తలుపు తెరువవలసినవాడు గృహస్థుడే. పనికి వచ్చిన స్త్రీకి వేరుగా దాచిన గ్లాసులో మంచినీరు పోయించి, మరునాడు పాదగయలో బంధువులు లేనివారికి పిండము పెట్టువాడు ఎవరి బాకీ తీర్చినట్లు?

నేడు నగరములందలి అంతస్తుల ఇండ్లలో, సముద్రములు దాటిన ఊళ్ళలో కాపురముండువారు, వాకిలి లేదని, కాకి రాదని, హరిదాసు కానరాడని చింతించుచుందురు. ముగ్గు వేయుటకు నేల లేకపోవుట దోషము కాదు. కాని తలుపు తట్టినవానికి మంచినీరైన ఈయకుండుటకు అది సాకు కాకూడదు. అయితే ఆచారపు రూపమును పూర్తిగా విడిచి భావమును మాత్రము నిలుపుకొందుమనుటయు సులభము కాదు. ప్రతిదినము గుర్తుచేయునది లేనిచో అప్పును మరచుట మనుష్యస్వభావము. అందువలన వండిన అన్నములో మొదటి పిడికెడు ఇతరులకై తీసియుంచుట వంటి చిన్న నియమమొకటి ఏ ఇంటనైనను నిలువవలెను. పిల్లలు దానిని చూచి కారణమడిగిన నాడు పెద్దలు చెప్పవలసిన పాఠము సిద్ధముగా నుండును.

నాలుగు ఋణములలో ఏదియు పూర్తిగా తీరునది కాదు. యాత్ర ముగించి వచ్చిన గృహస్థుడు తన గుమ్మము ముందు క్షణకాలము నిలిచి, ఈ పూట ఈ ఇంట ఎవరి బాకీ మిగిలియున్నదని తలచినచో యాత్రాఫలము సిద్ధించినట్లే. అట్టి స్మృతిని కుంతీమాధవుడు భక్తులెల్లరకు ప్రసాదించుగాక.