మిగిలిన గంట ఎవరిది?

రాయికోడ్‌లో మా అత్తమ్మ జొన్నరొట్టెలు చేత్తో తట్టి ఇనప పెనం మీద కాల్చేది. కందిపప్పు కట్టెలపొయ్యి మీద గంటసేపు ఉడికేది. నేను కుక్కరు కొన్నరోజున ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఆ రుచి రాదు." నిజమే కావచ్చు. కానీ ఆ మాటన్నవాళ్ళలో ఒక్కరూ పొయ్యి ఊదినవాళ్ళు కాదు!

1679లోనే డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన చేసి చూపించిన కిటుకిది. ఆవిరిని బిగించి ఉంచితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగక 120 దాకా వేడెక్కుతాయి, పప్పు త్వరగా మెత్తబడుతుంది. సరే, గంట మిగిలింది. చెప్పొద్దూ, ఆ గంటలో ఇంకో కూర వండాను! ఎవరూ అడగలేదు. ఊరికే కూచుంటే తప్పు చేసినట్టనిపించింది, అంతే.

అత్తమ్మ నవ్వి, "కుక్కరు కొన్నది నీ కోసమా బిడ్డా, పొయ్యి కోసమా?" అంది.

గిన్నె కొనేటప్పుడు మందం చూస్తాం, మన్నిక చూస్తాం, ధర చూస్తాం. అది మిగిల్చే సమయం ఎవరిదో కూడా అడగాలి కదూ?

పెనం మాత్రం పారెయ్యలేదు. ఆదివారం రొట్టెలు దానిమీదే. రుచి కావాలన్నవాళ్ళే తడుతున్నారు, వంకరటింకరగా. అత్తమ్మా నేనూ ఊరికే కూచుని తింటున్నాం.